భూకంపం రోజున వేసిన బంతి

1967 మార్చి 27, సోమవారం, మధ్యాహ్నం రెండు కావడానికి ఇంకా కాసేపుంది. బాపట్ల దగ్గర ఒక పల్లెలో, కళ్ళంలో వేసిన పెళ్ళి పందిరి వెనక, పొయ్యి పక్కన నిలబడి ఉన్నాను. నా ఎదురుగా మటన్ పులావు దమ్ములో ఉంది. అప్పుడు భూమి కదిలింది.

నేను పెళ్ళిళ్ళకు వండే మనిషిని. ఇప్పుడు దాన్ని కేటరింగ్ అంటున్నారు, తెల్ల టోపీలు కూడా పెట్టుకుంటున్నారు. మా రోజుల్లో వంటవాళ్ళు అనేవాళ్ళు, అంతే. మాది తెనాలి. నేనూ మా ఆయన పౌలూ కలిసి ఇటు బాపట్ల, అటు రేపల్లె దాకా క్రైస్తవుల పెళ్ళిళ్ళకు ఎన్నో ఏళ్ళు వండాం. అంతమందికి వండుతావు కదా, ఉప్పు ఎంత వెయ్యాలో ఎలా తెలుస్తుంది అని అడుగుతుంటారు. తెలుస్తుంది. అందులో చెప్పడానికి ఏమీ లేదు. చెప్పదగ్గది ఈ పెళ్ళి ఒక్కటే.

మా పని గురించి రెండు ముక్కలు ముందు చెప్పాలి. ఈస్టరుకు ముందు నలభై రోజులు శ్రమకాలం. ఆ రోజుల్లో మావాళ్ళు పెళ్ళి ముహూర్తాలు పెట్టుకోరు. ఈస్టరు ఆదివారం దాటగానే సోమవారం నుంచి వరసపెట్టి పెళ్ళిళ్ళు. అందుకని ఆ సోమవారం మాకు సీజన్ ఓపెనింగ్. అన్నాళ్ళు ఖాళీగా కూర్చుని కూర్చుని ఆ రోజు గరిటె పట్టుకుంటే ప్రాణం లేచి వస్తుంది.

రెండోది దమ్. నేలలో పొడుగ్గా గాడి తవ్వి, దాంట్లో మంట పెట్టి, పైన వరసగా పెద్ద డేగిసాలు ఎక్కిస్తాం. దాన్నే గాడిపొయ్యి అంటారు. బియ్యం ముప్పాతిక వంతు ఉడికాక డేగిసా మీద మూత పెట్టి, అంచు చుట్టూ తడిపిన పిండి అంటించి, మూత మీద నిప్పులు పోస్తాం. అది దమ్. ఒకసారి పెట్టాక మధ్యలో మూత తియ్యకూడదు. పెళ్ళికొడుకు తండ్రి వచ్చి అడిగినా నేను తియ్యను. ఆవిరి పోయిందంటే అది పులావు కాదు, మాంసం కలిపిన అన్నం.

పెళ్ళికూతురు పేరు కరుణ. తండ్రి ఇశ్రాయేలు వెంకయ్య గారనే ఆసామి దగ్గర పాలేరు. మా క్రైస్తవులుండే పేటలో పందిరి వేసేంత జాగా లేదు. మినుముల నూర్పు అయిపోయింది కదా, నా కళ్ళం వాడుకో అన్నారు వెంకయ్య గారు. ఊరికీ పేటకీ మధ్యలో ఉండేది ఆ కళ్ళం. చుట్టుపక్కల గోడ గానీ చెట్టు గానీ లేని జాగా అదొక్కటే.

పెళ్ళికొడుకు ఆనందరావు రేపల్లెలో బడిపంతులు. తండ్రి లేడు, తల్లి మార్తమ్మ ఒక్కతే పెంచింది. ఆమె మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. కూలివాళ్ళ ఇంటి పిల్ల అని ఆమెకు ఈ సంబంధం మీద మొదటి నుంచీ సగం మనసే. కొడుకు పట్టుబట్టాడు కాబట్టి వచ్చింది. అందరూ లారీలో పన్నెండింటికి దిగారు. ముందు భోజనాలు, ఎండ తగ్గాక నాలుగింటికి గుళ్ళో, అంటే పేటలో చర్చిలో, పెళ్ళి. అదీ ఏర్పాటు.

మగపెళ్ళివాళ్ళను మొదటి బంతిలో కూర్చోబెట్టారు. బంతి అంటే ఒక వరస. ఆకులు వేసి, నీళ్ళు చల్లి, ఉప్పూ పచ్చడీ వడ్డించాం. ఇంకా ఎవరూ చెయ్యి పెట్టలేదు. ముందు చప్పుడు వినిపించింది. ఈ టైములో గూడ్సు బండి ఏంటి అన్నాడు మా ఆయన. ఆ మాట అవుతుండగానే కాళ్ళ కింద నేల నీళ్ళలో పడవలాగా ఊగింది. మూత మీద నిప్పులు పేలాల్లాగా ఎగిరాయి. గాడి అంచు ఒక పక్క విరిగిపడి డేగిసా ఒరిగింది. మా ఆయన కర్ర దూర్చి ఎత్తి పట్టాడు. నేను కింద ఇటుకలు దూర్చాను. అందరూ దేవుణ్ణి పిలుస్తుంటే నేను పిండి ఊడిందా లేదా అని చూస్తున్నాను. ఊడలేదు.

తలెత్తి చూస్తే పందిట్లో మనిషి లేడు.

ఇక్కడ మావాళ్ళు చేసిన పని చెప్పాలి. మా ప్రాంతానికి తెలిసింది గాలివాన. గాలివాన వస్తే ఏం చెయ్యాలో పుట్టిన పిల్లకు కూడా తెలుసు. పాకలు వదిలేసి గట్టి గోడలున్న ఇంట్లోకి పరుగెత్తాలి. భూకంపం అంటే ఏంటో, వస్తే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. కాబట్టి తెలిసిన పనే చేశారు. పేటవాళ్ళు పొలోమని గుళ్ళోకి దూరారు, ఊరివాళ్ళు వెంకయ్య గారి డాబాలోకి దూరారు. భూమి ఊగుతుంటే ఆరుబయట నుంచి రాతిగోడల మధ్యకు పరుగెత్తిన మనుషులు లోకం మొత్తంలో మా వాళ్ళే అయ్యుంటారు. లోపల సున్నం పెళ్ళలు నెత్తిన రాలాక అప్పుడు తెలిసొచ్చింది. మళ్ళీ అంతే వేగంగా బయటపడి అందరూ కళ్ళానికి వచ్చారు. ఊరివాళ్ళు పడమట వైపు నుంచి, పేటవాళ్ళు తూర్పు వైపు నుంచి.

వచ్చినవాళ్ళ చేతుల్లో ఏముందో చూసి నాకు నవ్వు ఆగలేదు. కరణం సీతాపతి గారు ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో మంచినీళ్ళ చెంబు పట్టుకొచ్చారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఒకావిడ పిండి చేతులతోనే రుబ్బురోలు పొత్రం చంకనేసుకుని వచ్చింది. అది ఎందుకు తెచ్చావమ్మా అంటే, ఏమో, చేతికి అదే దొరికింది అంది. ఒకాయన సగం గడ్డంతో వచ్చాడు, గీసే నాగులు కత్తి పట్టుకుని వెనకే వచ్చాడు. గాలివానకు కట్టినట్టు ఇంటి కప్పుకు మోకులు కట్టి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వెంకయ్య గారు ఎనభై దాటిన తల్లి కోటమ్మ గారిని నులకమంచంతో సహా మోయించుకొచ్చి దింపారు. ఆవిడ చేతికి పప్పన్నం ఇంకా అంటుకునే ఉంది. మొదటి ముద్ద మీద ఉండగా ఎత్తుకొచ్చారట.

అందరూ వచ్చారు గానీ ఇక కదలరు. గాలివాన అయితే గాలి తిరిగిందంటే అయిపోయినట్టు లెక్క. ఇది అయిపోయిందని ఎవరు చెప్పాలి? గంటలో మళ్ళీ వస్తుందని ఒకరు, సూర్యలంక దగ్గర సముద్రం వెనక్కి పోయిందని ఒకరు. చూసినవాడు ఒక్కడూ లేడు. ఇంట్లోకి వెళ్ళే ధైర్యం ఎవరికీ లేదు. ఊరివాళ్ళు ఒక పక్క, పేటవాళ్ళు ఒక పక్క, మధ్యలో బండి పట్టేంత ఖాళీ. భూమి కదిలింది గానీ ఆ ఖాళీ కదల్లేదు.

ఇంతలో మార్తమ్మ గొంతు వినిపించింది. లారీ ఎక్కండి, పోదాం అంటోంది. కొడుకు ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. ఇశ్రాయేలు ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏ తప్పు జరిగిందో చెప్పమ్మా, దిద్దుకుంటాం అంటున్నాడు. తప్పు జరగలేదన్నయ్యా, ఇంకా ఆకులో చెయ్యి పెట్టకముందే నేల కదిలిన చోట పిల్లను ఎలా చేసుకోను అంది ఆమె.

శామ్యూలు అయ్యగారు, ఆ గుడి పాస్టరు, మెల్లగా కల్పించుకున్నారు. ప్రభువు లేచిన తెల్లవారుజామున కూడా భూమి కంపించింది కదమ్మా, మనకది సంతోషకరమైన గుర్తు అన్నారు.

మార్తమ్మ ఆయన వైపు తిరిగింది.

"అది నిన్నండి అయ్యగారూ. ఇవాళ సోమవారం."

అంటూనే లారీ వైపు నడిచింది.

మరి ఎందుకు పోలేదంటే, లారీ డ్రైవరు మస్తాను కనిపించలేదు. భూమి కదలగానే కాలవ కట్ట మీద పడి పరుగెత్తినవాడు ఎంత దూరం పోయాడో ఎవరికీ తెలియదు. వాణ్ణి వెతకడానికి ఇద్దరు పోయారు. మార్తమ్మ లారీ పక్కన నీడలో సామాను సర్దించి నిలబడింది.

పెళ్ళికూతురు వచ్చి నా పొయ్యి దగ్గర కూర్చుంది. తెల్ల చీర, తల్లో పూలు, చెంప మీద సున్నం పొడి. ఏడవట్లేదు. లారీ వైపు వీపు పెట్టి కూర్చుంది.

"పెద్దమ్మా, లారీ కదిలిందా?"

"కదల్లేదు. డ్రైవరు లేడు."

"ఉంటే వెళ్ళిపోతారుగా."

నాకు తియ్యటి మాటలు రావు. అవును, వెళ్ళిపోతారు అన్నాను. ఆ పిల్ల మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, ఇవాళ వెళ్ళిపోతే ఇక రారు పెద్దమ్మా, ఈయన మంచివాడే గానీ వాళ్ళమ్మ మాట దాటడు అంది. మంచివాణ్ణి పోగొట్టుకుంటున్న గొంతు అది. ఏం చెయ్యను? నేను వంటమనిషిని. దమ్ అయ్యే వేళయింది. కత్తితో పిండి తప్పించి, నిప్పులు దులిపి, మూత తీశాను.

ఆ వాసన ఎలా పోయిందో చెప్పలేను. ఆ రోజు ఊరిలో అందరివీ సగం కడుపులు. భోజనం వేళకే లేచి పరుగెత్తుకొచ్చారు. పడమటి పక్క నుంచి కోటమ్మ గారి గొంతు వచ్చింది.

"ఏమే వంటమనిషీ, ఏంటది?"

"పులావండి అమ్మగారూ. మాంసం వేసిందండి."

"మాంసం వేశావని నువ్వు చెప్పాలా? నాకు ముక్కు లేదా? ఒరే, నా మంచం అటు జరపండ్రా."

ఎవరూ జరపలేదు. వెంకయ్య గారు వంగి తల్లి చెవిలో, ఇంటికి వెళ్ళాక తిందువుగానిలే అన్నారు.

"ఏ ఇంటికిరా? మీద పడుద్దని నువ్వేగా మోసుకొచ్చింది."

"అది కాదమ్మా. నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురూ ఇక్కడే ఉన్నారుగా. ఎదురుగానే అనుకోమను."

ఇద్దరు పాలేర్లు మంచం ఎత్తారు. మధ్యలో ఉన్న ఖాళీ దాటించి బంతి మొదట్లో దింపారు. మంచం మీద కూర్చుని తినడం రోగిష్టివాళ్ళ పని, నన్ను కింద దించండి అందావిడ. దించారు. ఎదురుగా ఆకు వేశాం. పళ్ళెంలో పులావు పట్టుకుని వెళ్ళాను గానీ నా చెయ్యి ఆగిపోయింది. అప్పటిదాకా ఊరివాళ్ళ ఆకులో నా చేత్తో మెతుకు వేసి ఎరగను. నేను పెట్టొచ్చాండీ అని అడిగాను.

"మరి భూదేవి వచ్చి పెడుద్దా?" అంది ఆవిడ.

పెట్టాను. రెండు ముద్దలు తిని కళ్ళు మూసుకుంది. తెరిచి, లారీ పక్కన నిలబడ్డ మార్తమ్మను చూసింది.

"ఎవరమ్మా, మగపెళ్ళివారా? అక్కడ నిలబడ్డావేం? ఆకేసి ఉందిగా."

మార్తమ్మ కాస్త తడబడింది. శకునం బాగాలేదండి, తిరిగి వెళ్ళిపోతున్నాం అంది.

"శకునమా? నా పెళ్ళినాడు పందిరి తగలబడింది. అరవై ఏళ్ళు కాపరం చేశాను. ఆయన్ని నేనే సాగనంపాను. రా, కూర్చో. ఒక్కదాన్నే తింటుంటే నాకు రుచి తెలియట్లేదు."

మార్తమ్మ ఆ ఆకును చూసింది, కోటమ్మ గారిని చూసింది. ఆమె బుర్రలో ఏం తిరిగిందో నాకు తర్వాత ఆమే చెప్పింది. ఆసామి తల్లి పక్కన ఆకేసుకుని కూర్చున్న వియ్యపురాలు రేపల్లెలో ఇంకొకరు చూపించు వదినా, అంది. వచ్చి కూర్చుంది. కూర్చున్నది చూసి ఆమె వెంట వచ్చినవాళ్ళంతా సామాను కింద పెట్టి వచ్చి కూర్చున్నారు.

ఇక ఊరివాళ్ళు. తల్లి తింటుంటే కొడుకు నిలబడి చూస్తాడా? వెంకయ్య గారు తల్లికి నీళ్ళు అందించే వంకన పక్కన చతికిలబడ్డారు. ఆకు వేస్తే వద్దనలేదు. పొత్రం తెచ్చినావిడ పొత్రాన్ని పక్కన పెట్టుకుని కూర్చుంది. సగం గడ్డం ఆయన కూర్చున్నాడు, నాగులు ఆయన పక్కనే కూర్చున్నాడు. కరణం గారు మాంసం ముట్టరు. గొడుగు వేసుకుని వరస చివర నిలబడి, లడ్డూలు దేంట్లో వేయించారు అని అడిగారు. నేతిలో అన్నాను. నేతిలో వేగినదానికి అంటు లేదు అని ఆయనే తేల్చి ఒకటి తీసుకున్నారు. అంటు లేనప్పుడు నాలుగు తిన్నా ఒకటేగా అని ఇంకో మూడు తీసుకున్నారు. చెంబులో నీళ్ళు మాత్రం తనవే.

సగం భోజనాల్లో నేల మళ్ళీ సన్నగా వణికింది. వణికిందో, మాకే అనిపించిందో. ఆకుల్లో పెరుగు చట్నీ మీద చిన్న అలలు లేచాయి, అది నేను చూశాను. చేతులన్నీ ఆగిపోయాయి. లేద్దామా వద్దా అని ఒకరినొకరు చూసుకుంటున్నారు. మార్తమ్మ సగం లేచింది కూడా.

మా వైపు బంతికి ఒక మర్యాద ఉంది. అందరూ తినడం అయ్యేదాకా ఒక్కరు లేవకూడదు. ఒకరు లేచారంటే మిగతావాళ్ళు ఆకు వదిలెయ్యాలి. అది ఊరికీ ఒకటే, పేటకీ ఒకటే. కోటమ్మ గారు ఎడమచేత్తో మార్తమ్మ కొంగు పట్టుకుని లాగింది.

"బంతి మధ్యలో లేస్తావా? కూర్చో. భూమి సంగతి భూమి చూసుకుంటది."

మార్తమ్మ కూర్చుంది. ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు వరసంతా పాకింది. అంతసేపు బిగపట్టిన భయమంతా అలా బయటికి పోయిందనుకుంటాను. కొందరు కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య మస్తాను కాలవ కట్ట దిగి వచ్చాడు. బయలుదేరాలాండీ అని అడిగాడు. తిన్నాక చూద్దాంలే, ముందు నువ్వు కాళ్ళు కడుక్కో అంది మార్తమ్మ.

ఆ మాట నేను విన్నాను, పొయ్యి దగ్గర కరుణ విన్నది. లేచి నిలబడి, మొహం మీద సున్నం పొడి కొంగుతో తుడుచుకుని, నా చేతిలో నెయ్యి గిన్నె లాక్కుంది. తనే వెళ్ళి కాబోయే అత్తగారి ఆకులో పోసింది. మార్తమ్మ చాలు అనలేదు. ఆ పిల్లా ఆపలేదు. చివరికి కోటమ్మ గారే, చాలమ్మా, ఇక ఈదాల్సి వస్తది అంది. మార్తమ్మ తన పక్కన ఆకు వేయించి కోడల్ని కూర్చోబెట్టుకుంది.

గుళ్ళోకి వెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఎండ వాలాక అయ్యగారు ఆ కళ్ళంలోనే పెళ్ళి చేశారు. ప్రమాణాలు చేయించి, సూత్రం కట్టించి, ప్రార్థన చేశారు. ఊరివాళ్ళు మా పెళ్ళి చూడటం అదే మొదలు. అయిపోయిందా, ఇంతేనా, మా వాటిల్లో ఈపాటికి ఇంకా గణపతి పూజ దగ్గరే ఉంటాం అంది కోటమ్మ గారు. సందె వేళకు ఒక్కొక్కరూ గోడలు తడిమి చూసుకుంటూ ఇళ్ళల్లోకి వెళ్ళారు. మొదటి డేగిసా అడుగు గీకి మా ఆయన, నేనూ తిన్నాం. భూకంపం ఒంగోలు వైపు గట్టిగా వచ్చిందని తర్వాత పేపరులో పడిందట. మా దగ్గర ఎవరికీ ఏమీ కాలేదు.

మర్నాటికి ఊరు ఊరిలా అయింది. ఎవరినడిగినా నేను తినలేదంటే నేను తినలేదన్నారు. నిలబడి చూశామన్నారు, తల్లికి నీళ్ళు అందించామన్నారు. కోటమ్మ గారు ఒక్కతే, నేను రెండుసార్లు వేయించుకున్నాను అని బతికినన్నాళ్ళు చెప్పింది.

చాలా ఏళ్ళకు తెనాలి స్టేషనులో వెంకయ్య గారు కనిపించారు. బాగోగులు అడిగి, ఆ రోజు మా అమ్మ తప్ప మావాళ్ళెవరూ తినలేదులే అన్నారు. అవునండి అన్నాను. బండి వస్తుంటే మళ్ళీ వెనక్కి వచ్చి అడిగారు.

"అది సరేగానీ, ఆ పులావులో జాపత్రి అంత వేశావు, లవంగం తగ్గించావు. ఎందుకని?"

నేను నవ్వాను. ఆయనా నవ్వారు. తినని మనిషికి జాపత్రి సంగతి ఎలా తెలిసిందో ఇద్దరికీ తెలుసు.

ఆ పెళ్ళికి ముందు నేను పొయ్యి వెలిగించేటప్పుడే తేల్చుకునేదాన్ని, ఫలానావాళ్ళు తింటారు, ఫలానావాళ్ళు తినరు అని. అది నా పని కాదని ఆ రోజు తెలిసింది. తర్వాత ఏ పెళ్ళికి వెళ్ళినా పిలవనివాళ్ళ కోసం ఒక డేగిసా ఎక్కువే పెట్టాను, మాంసం తగలనిది ఇంకో చిన్నది పక్కన పెట్టాను. చాలాసార్లు మిగిలింది. పేటలో ఎప్పుడూ వృథా పోలేదు.

నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దాను. రాయడం వచ్చింది కాబట్టి, వాళ్ళు మనవలకు చెప్పుకోని సంగతి నేను రాస్తున్నాను. ఆ మొదటి బంతిలో నాకు పేర్లు తెలిసినవాళ్ళు, ముందు కూర్చున్న మనిషి దగ్గర్నుంచి పక్కపక్కల వరసలోనే: కోటమ్మ గారు. ఆవిడ కుడిపక్క కొడుకు వెంకయ్య గారు. పొత్రం తెచ్చిన సుబ్బలక్ష్మి గారు. సగం గడ్డం కోటయ్య గారు, ఆయన పక్కన నాగులు. మంచం మోసిన పాలేర్లు వీరాస్వామి, దావీదు. గొడుగు కింద, నిలబడే, కరణం సీతాపతి గారు. కోటమ్మ గారి ఎడమపక్క నుంచి మార్తమ్మ, ఆమె అన్న జాను, చెల్లెలు రత్నమ్మ, శామ్యూలు అయ్యగారు, అందరికంటే ఆలస్యంగా వచ్చి అందరికంటే ఎక్కువ తిన్న డ్రైవరు మస్తాను, పెళ్ళికొడుకు ఆనందరావు. వడ్డించింది నేను, మా ఆయన పౌలు, కూర్చోమంటే కూర్చోకుండా నీళ్ళు పోస్తూ తిరిగిన ఇశ్రాయేలు, అతని భార్య దీనమ్మ. ఇక మార్తమ్మకూ జానుకూ మధ్యలో, ఆకు వేసిన ఇరుకు జాగాలో సర్దుకుని, ఆకులో ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్న పెళ్ళికూతురు కరుణ.